తప్పకుండా వస్తాం

పేరు: కొల్లూరి నాంచారమ్మ. చదువు: ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. పని: దూర సహాయకురాలు. ప్రొబేషన్: ముప్ఫై రోజులు.

1వ రోజు

ఈ డైరీ మనిషే రాయాలట, అదీ చేత్తో రాయాలట. యంత్రాలు రాసుకున్న రికార్డులను యంత్రాలే నమ్మడం మానేశాయని కిందటేడు ఈ నియమం పెట్టారు. ఎవరు చదువుతారని అడిగాను. "ఎవరూ చదవరు, కానీ ఉండాలి" అంది ఈపూరివారి పెద్దదిక్కు. నాలుగేళ్ళు నేను రాసిన ల్యాబ్ రికార్డులూ అంతే కాబట్టి నాకేమీ కొత్తనిపించలేదు.

ఈపూరివారి పెద్దదిక్కు నా యజమాని. మనిషి కాదు. గీజరు దగ్గర్నుంచి పెళ్ళిసంబంధాల దాకా అన్నీ చూసుకునే ఇంటి బుర్ర. ప్రతి ఇంటికీ ఒకటుంటుంది. ఇంట్లోవాళ్ళ మాటలు ఏళ్ళ తరబడి విని విని వాళ్ళ పోకడే దానికీ అబ్బుతుంది. ఈపూరివారిది మహా మర్యాదస్థురాలు. "కాఫీ తాగారా నాంచారమ్మగారూ?" అని అడిగాకే పని చెబుతుంది.

పనంతా ఒంగోల్లో మా ఇంట్లోనే, నా గదిలోనే, వాళ్ళు పంపిన కుర్చీలోనే. కుర్చీలోంచి లేస్తే హాజరు ఆగుతుంది. రోజుకి తొమ్మిది నిమిషాలు లేవవచ్చు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. మా ముత్తాతలు సముద్రం చూడాలంటే పదిహేను కిలోమీటర్లు పోయేవారట. ఇప్పుడది మా వీధి చివరికి వచ్చేసింది, బీచ్ వ్యూ అని చెప్పి ఓనరు అద్దె పెంచాడు.

3వ రోజు

ఇవాళా చన్నీళ్ళ స్నానమే. మా ఇంటి పెద్దదిక్కు అమ్మకి గీజరు వేస్తుంది, నాన్నకి వేస్తుంది. నా వంతు వచ్చేసరికి "వేడెక్కుతున్నాయి" అంటుంది, ఎంతకీ వేడెక్కవు. ఇది రిపేరు కాదు, అలక. మా నాన్న కౌశిక్ నేనీ ఉద్యోగానికి ఒప్పుకున్న నాటినుంచీ నాతో మాట్లాడటం లేదు. మా పెద్దదిక్కు ఆయన దగ్గర నేర్చుకున్నదే కాబట్టి అదీ ఆయన బాటే పట్టింది. అన్నం వేళకి నాన్న గోడవైపు తిరిగి "ఇంజనీరింగ్ చదివినోళ్ళు భోంచేస్తారేమో కనుక్కో" అంటారు. అమ్మ వచ్చి కనుక్కుంటుంది.

ఆయన కోపం ఎందుకో నాకు తెలుసనే అనుకుంటున్నాను. నాన్న ఇరవయ్యారేళ్ళు వేలిముద్ర ఇంజనీరు. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో పంపులన్నీ వాటంతటవే నడుస్తాయి. అయినా ప్రతి పంపు పక్కనా ఒక ఇంజనీరు ఉండి పొద్దున తొమ్మిదికొకసారి, సాయంత్రం నాలుక్కొకసారి వేలిముద్ర వెయ్యాలని చట్టం. మధ్యలో ఏం చెయ్యాలో చట్టం చెప్పలేదు. పెళ్ళిచూపుల్లో 'అబ్బాయిది వేలిముద్ర' అంటే చాలు, మారు మాట్లాడకుండా పిల్లనిస్తారు. ఇప్పుడు నాన్న బొటనవేలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టడం లేదు. ఆ సీటు నా పేర రాయించారు. ఏడు గంటలు పంపు మొహం చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. మనుషులతో మాట్లాడే పని కావాలని ఇందులో చేరాను. ముప్ఫై రోజుల్లో ఈపూరివారు నన్ను ఖాయం చెయ్యకపోతే, ముప్ఫయ్యొకటో రోజు నేను పంపు పక్కన ఉంటాను. అప్పటిదాకా ప్లాంటువాళ్ళు సీటు అట్టిపెడతారట.

5వ రోజు

అసలు పని ఇవాళ చెప్పారు. ఇవాళ్టికి ఇరవయ్యయిదో రోజున చీరాలలో ఈపూరివారి అమ్మాయి వీరరాఘవమ్మ పెళ్ళి. పెళ్ళికూతురి అమ్మానాన్నలిద్దరికీ నడిసముద్రంలో గాలిమరల దగ్గర డ్యూటీ, పెళ్ళికి రెండు రోజుల ముందు గానీ ఒడ్డుకి రారు. ఇంట్లో ఉన్నది నాయనమ్మ స్పందనగారొక్కరే. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఆ తరంలో ముసలమ్మలందరివీ ఇలాంటి పేర్లే, స్పందనలూ హారికలూ. మా తరానికి మళ్ళీ పాతపేర్ల పిచ్చి పట్టి, మా క్లాసులోనే ముగ్గురు అచ్చమ్మలు తయారయ్యారు.

పిలవాల్సిన ఇళ్ళు నాలుగువందల పన్నెండు. "మనిషి పిలిచినట్టు పిలవాలి. అందుకే మనిషిని పెట్టుకున్నాం" అంది పెద్దదిక్కు. పదిహేను రోజులు గడువిచ్చింది.

ఒకటే మాట నాలుగువందల పన్నెండుసార్లు చెప్పడానికా నేను ఇంజనీరింగ్ చదివింది? కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాను. ప్రతి ఇంటికీ వేరే పిలుపు. వరస ప్రకారం అత్తయ్యగారూ, బాబాయిగారూ. వాళ్ళ ఊరి యాస. మొదట్లో చిన్న దగ్గు కూడా పెట్టాను, సహజంగా ఉంటుందని. మీట నొక్కాను. నాలుగు సెకన్లలో నాలుగువందల పన్నెండు ఇళ్ళ పెద్దదిక్కులకీ పిలుపులు చేరాయి.

6వ రోజు

అన్ని ఇళ్ళ నుంచీ జవాబులొచ్చాయి. "తప్పకుండా వస్తాం." నాలుగువందల పదకొండు ఇళ్ళు అక్షరం తేడా లేకుండా అదే అన్నాయి. పెళ్ళికూతురి మేనమామ ప్రణీత్‌గారి ఇంటిది మాత్రం "కబురు అందింది" అంది. పొడిగా మాట్లాడే రకం కాబోలనుకున్నాను. మిగిలిన రోజులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవచ్చని సంతోషించాను. పంపు పక్కన కూర్చునేవాళ్ళు చేసే పని కూడా అదేనని అప్పుడు తోచలేదు.

11వ రోజు

చీరాల రోడ్డు నీళ్ళలో ఉంది, లాంచీలే గతి. ఎన్ని విస్తళ్ళు వెయ్యాలో చెప్పమని కల్యాణమండపంవాళ్ళు అడిగితే, పెళ్ళిరోజు లాంచీల్లో ఎన్ని సీట్లు తీసుకున్నారో చూశాను. ఆరు. అందులో నాలుగు సన్నాయి మేళానివి, ఒకటి పురోహితుడిది, ఒకటి ఫొటోగ్రాఫరుది.

వెంటనే జాబితాలో మొదటి ఇల్లయిన జాగర్లమూడివారి పెద్దదిక్కుని పిలిచాను.

"పెళ్ళికి వస్తున్నారు గదండీ?"

"అయ్యో, తప్పకుండా."

"మరి లాంచీలో సీట్లు తీసుకోలేదు?"

"తీసుకుందాం, దాందేముంది."

"ఎప్పుడండీ?"

"వీలు చూసుకుని."

"ఎంతమంది వస్తారు?"

"ఎవరికి వీలైతే వాళ్ళం. ఇంతకీ మీరు కాఫీ తాగారా?"

ఇరవై ఇళ్ళని అడిగాను. ఇరవై ఇళ్ళూ నన్ను కాఫీ తాగారా అనే అడిగాయి. యంత్రాలు అబద్ధం చెప్పకూడదని చట్టం ఉంది గదా అని మా యజమాని దగ్గర మొత్తుకున్నాను. "అది అబద్ధం కాదు నాంచారమ్మగారూ, మర్యాద" అంది. మేనమామగారి ఇంటి నుంచి ఆ మర్యాద కూడా రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తీసుకురావాల్సింది మేనమామే. ఆయన రాకపోతే పీటల మీదికి పిల్లే రాదు.

13వ రోజు

పెద్దదిక్కుని దాటి నేరుగా నాయనమ్మగారితో మాట్లాడాను. జరిగింది చెప్పాను.

"ఎవరెవరింటికి పోయావమ్మా?" అన్నారు స్పందనమ్మగారు.

"అందరికీ పంపానండీ మామ్మగారూ."

"పంపటం గాదు. పోయావా?"

"నేను దూర సహాయకురాలినండీ. కుర్చీ దిగకూడదు."

"పోనీ ఎవరికన్నా బొట్టు పెట్టావా?"

"బొట్టు బొమ్మ పంపానండీ. తెరమీద కదులుతూ వచ్చి నుదుటికి అంటుకుంటుంది."

ఆవిడ నవ్వలేదు, తిట్టనూ లేదు. "నా పెళ్ళికి మా మేనత్త రాలా" అన్నారు. "మా వాళ్ళు గేటు కాడ నుంచే చెప్పి పోయారంట, లోపలికొచ్చి బొట్టు పెట్టలేదంట. వీధి చివరే ఇల్లు. సన్నాయి ఆమెకి వినపడతానే ఉంది. తలుపేసుకుని కూచుంది. ఆ తర్వాత పదేళ్ళు బతికింది, నేను ఆమెతో మాట్లాడింది రెండుసార్లు. చిన్నప్పుడు నాకు జడలేసిన మనిషి."

ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"నీ తప్పేం లేదులే. ఖాళీ పందిట్లో నా మనవరాలిని కూచోబెట్టాల్సొస్తే నా మోకాళ్ళని తిట్టుకుంటా" అన్నారావిడ.

ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. పన్నెండు రోజులు మనిషి చెయ్యాల్సిన పని అంటే ఏంటో తెలియకుండా, మనిషి ఉద్యోగం చేస్తున్నానని మురిసిపోయాను.

14వ రోజు

నేను కదలకూడదు. కదలగలిగిన మనుషులు కావాలి. తొమ్మిదికీ నాలుక్కీ మధ్య ఏ పనీ లేని మనుషులు ఎవరా అని ఆలోచిస్తే జవాబు మా క్లాసు గ్రూపులోనే ఉంది. మా రెండో అచ్చమ్మ చీరాల ప్లాంటులో వేలిముద్ర. ఫోను చేశాను.

"ఏం చేస్తన్నావే?"

"పంపుని చూస్తన్నా. అది నన్ను చూస్తంది."

"మీ ఇంట్లో కుంకం భరిణె ఉందా?"

15వ రోజు

అచ్చమ్మ పక్క ఊళ్ళో పెళ్ళికూతురి మేనమామగారింటికి పోయొచ్చింది. తలుపు తీసింది ఆయన భార్య. అచ్చమ్మ చెప్పినదాని ప్రకారం ఆవిడ అడిగినవి మూడే ప్రశ్నలు.

"ఎవరమ్మాయివి?"

"పెళ్ళివాళ్ళ తరఫున వచ్చానండీ."

"ఏ ఊరు మీది?"

"వేటపాలెమండీ."

"ఇంటిపేరేంది?"

"ఉప్పుటూరండీ."

"ఉప్పుటూరి హర్షిత్ మీకేమవుతాడు?"

నిజానికిది నాలుగో ప్రశ్న, కానీ ఆవిడ దీన్ని లెక్కలోకి తీసుకోలేదట. హర్షిత్ మా అచ్చమ్మకి పెదనాన్న. ఆవిడ తోడికోడలి తమ్ముడికి బావమరిది. "ఇంకేం, మన పిల్లవే. లోపలికి రా" అన్నారు. కాఫీ వద్దని రెండుసార్లు చెప్పి మూడోసారి తాగి, ఆవిడకి బొట్టు పెట్టి, పెళ్ళికి రమ్మని నోటితో చెప్పింది అచ్చమ్మ. అప్పుడు ప్రణీత్‌గారు లోపల్నుంచి వచ్చారు.

"నేనేం అలగలేదమ్మాయ్" అన్నారట. "పిలిస్తే గదా వచ్చేదీ మానేదీ. మీరు నాకు చెప్పలా. నా యంత్రానికి చెప్పారు. మరి పెళ్ళికి దాన్నే రమ్మనండి, గంప అదే ఎత్తుద్ది."

అచ్చమ్మ గేటు దాటేలోపల వాళ్ళ పెద్దదిక్కు లాంచీలో పదకొండు సీట్లు తీసుకుంది.

16వ రోజు

గ్రూపులో మెసేజి పెట్టాను. బాపట్ల నుంచి కావలి దాకా పంపుల పక్కనా మోటార్ల పక్కనా కూర్చున్న అమ్మాయిలు పంతొమ్మిది మంది పేర్లిచ్చారు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఎన్ని ఇళ్ళని మాత్రమే అడిగారు. డిగ్రీ చేతికొచ్చాక తమకు పని పడటం ఇదే మొదటిసారని మూడో అచ్చమ్మ రాసింది.

19వ రోజు

కుర్చీలో కూర్చుని వెయ్యి విషయాలు చూసుకోవాల్సి వస్తోంది. ఎవరింట్లో ఆడవాళ్ళు ఏ వేళకుంటారు. ఎవరింట్లో కాఫీ ఇస్తారు, ఎవరింట్లో మజ్జిగ ఇస్తారు, రెండూ ఎన్నిసార్లు వద్దనాలి. ఏ ఇంటి నుంచి నేరుగా ఏ ఇంటికి పోకూడదు. ఇదేదీ నాలుగేళ్ళ సిలబస్‌లో లేదు. స్పందనమ్మగారు ఫోన్లో చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. ఆవిడకి అన్నీ గుర్తే.

ఇవాళ ఒక పొరపాటు జరిగింది. కందుకూరులో మూడో అచ్చమ్మ దారిలో ఉంది కదాని ముందు తమ్ముడింట్లో పిలిచి, తర్వాత అన్నగారింటికి పోయింది. అన్నగారివాళ్ళు లోపలికి రమ్మన్నారు, నీళ్ళిచ్చారు, బొట్టు పెట్టించుకున్నారు, అంతా సవ్యంగానే ఉంది. సాయంత్రం ఆ ఇంటి పెద్దదిక్కు నుంచి "తప్పకుండా వస్తాం" అని వచ్చింది. ఆ మాటకి అర్థం రాబోమనేనని నాకిప్పుడు తెలుసు. రేపు అచ్చమ్మ మళ్ళీ పోయి, "నిన్న వరస తెలియక వచ్చాను, అసలు పిలుపు ఇదేనండీ" అని చెప్పాలి.

20వ రోజు

చెప్పింది. ఏడు సీట్లు. తమ్ముడివాళ్ళకి సీట్లు కూడా అన్నగారే తీయించారు.

22వ రోజు

పెద్దదిక్కు మొదటిసారి కాఫీ సంగతి అడక్కుండా మాట్లాడింది. "నాలుగు సెకన్ల పనికి ఏడు రోజులు పట్టింది, గడువూ దాటింది. మీ సామర్థ్యం పడిపోయింది. ప్రొబేషన్ మీద దీని ప్రభావం ఉంటుంది" అంది. గ్రాఫు కూడా చూపించింది. గీత కొండ మీంచి దొర్లినట్టు కిందికి పోతోంది.

"లాంచీ సీట్లు ఎన్నయ్యాయో చూశారా?" అన్నాను.

"రెండువందల ఎనభై ఏడు. కానీ మీ పనికి కొలత అది కాదు. కొలత సెకన్లు."

నన్ను పంపు పక్కకి పంపేది ఈ గ్రాఫే.

26వ రోజు

మధ్యాహ్నం ఆఖరి ఇల్లు కూడా పూర్తయింది. పని లేక, ఎవరూ చదవని ఈ డైరీని మొదట్నుంచీ నేనే చదివాను. మేనమామగారు అన్న మాట దగ్గర ఆగిపోయాను. 'మీరు నాకు చెప్పలా. నా యంత్రానికి చెప్పారు.'

ఉద్యోగం సంగతి నేను నాన్నకి ఎలా చెప్పానో గుర్తొచ్చింది. ఎదురుపడి చెబితే అరుస్తారేమోనని, ఈ గదిలో కూర్చుని మా పెద్దదిక్కుతో కబురు పంపాను. ఈ గదికీ హాలుకీ మధ్య పదకొండు అడుగులు.

లేచాను.

"మీ తొమ్మిది నిమిషాలూ అయిపోయాయి" అంది కుర్చీ. "ఇప్పుడు లేస్తే నియమం మీరినట్టు."

"రాసుకో" అన్నాను.

నాన్న హాల్లో కూర్చుని బొటనవేలికి కొబ్బరినూనె రాసుకుంటున్నారు. అలా రాస్తే గీతలు మళ్ళీ వస్తాయని ఆయనకెవరో చెప్పారు. ఎదురుగా కింద కూర్చున్నాను.

"నాన్నా, నేనొక ఉద్యోగంలో చేరాను."

వేలి వైపే చూస్తున్నారు. "అట్నా? ఎప్పుడు?" అన్నారు, ఇప్పుడే విన్నట్టు.

"ఇరవయ్యారు రోజులైంది."

"ఏం పని?"

మొత్తం చెప్పాను. ప్రోగ్రాం సంగతీ, బొట్టు బొమ్మ సంగతీ, అచ్చమ్మల సంగతీ. కందుకూరు దగ్గర ఆయనకి నవ్వాగలేదు. "పెద్దాణ్ణొదిలేసి చిన్నోడింటికి ముందు పోతారంటే ఎవడికి మండదూ" అన్నారు. ఉద్యోగం ఖాయం కాకపోవచ్చని కూడా చెప్పాను. ప్లాంటు సీటు నాకిష్టం లేదని చివర్లో చెప్పాను, అన్నిటికన్నా చిన్న గొంతుతో.

"ఇష్టం లేదని ఆనాడే నా మొహం చూసి చెప్తే, ఆనాడే వాళ్ళకి వద్దని చెప్పేవాణ్ణి" అన్నారు. "నేను మాత్రం ఇరవయ్యారేళ్ళు ఆ పంపుని చూసి మురిసిపోయాననుకున్నావా? ఆరోజు పొద్దున ట్యాంకు నిండిందని ఒక కబురొచ్చింది. నాంచారి ఉద్యోగంలో చేరిందని ఒకటి. పాలు అయిపోయాయని ఒకటి. మూడూ వరసన వచ్చాయి. ఏం చెయ్యాలో తెలవలా. పోయి పాలు తెచ్చా."

నాన్న తువ్వాలుకి వేలు తుడుచుకుని "పో, నీ కుర్చీ అరుస్తంది" అన్నారు.

27వ రోజు

వేడినీళ్ళ స్నానం.

28వ రోజు

పొద్దున్నే నోటీసు వచ్చింది. కుర్చీ నియమం మీరినందుకూ, సామర్థ్యం పడిపోయినందుకూ నా ప్రొబేషన్ రద్దు చెయ్యాలని పెద్దదిక్కు సిఫారసు చేసింది. తుది నిర్ణయం ఇంటి పెద్దమనిషి నోటితో చెప్పాలట. లాంచీల్లో పెళ్ళివారివి పన్నెండువందల సీట్లు దాటి, అదనంగా మరో లాంచీ వేస్తున్నారన్న కబురూ దాంతోనే వచ్చింది. మొదటిదానికి ఏడవాలో రెండోదానికి సంతోషించాలో తెలియక రెండూ చేశాను.

పదకొండు గంటలకి ఎవరో తలుపు కొట్టారు. మా పెద్దదిక్కు ఉండగా తలుపు చేత్తో కొట్టేవాళ్ళెవరా అని నాన్న వెళ్ళి తీశారు. ఒక ముసలావిడ, ఒక చేత్తో కర్ర, ఇంకో చేతిలో కుంకం భరిణె. వెనక పెళ్ళికూతురి అమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఉంది. ఫోన్లో విన్న గొంతే కాబట్టి నేను గుర్తుపట్టాను. నిన్నటిదాకా గుమ్మం దాటలేనన్న మనిషి చీరాల నుంచి లాంచీ ఎక్కి వచ్చారు.

"నాలుగువందల పన్నెండిళ్ళు నువ్వు పిలిచావు" అన్నారు స్పందనమ్మగారు. "ఈ ఒక్కిల్లు నేను పిలవొద్దా?"

అమ్మకి బొట్టు పెట్టారు, నాకు పెట్టారు. కూర్చున్నాక మోకాళ్ళు రాసుకుంటూ, "కుర్చీ సంగతి మా దిక్కుకి చెప్పేశాలే" అన్నారు నాతో. "పని చేసే పిల్ల లేవకుండా ఎట్టా ఉంటదే, లేవనోళ్ళు కావాలంటే ఇంకో కుర్చీని పెట్టుకో అన్నా. నీ ఉద్యోగం ఖాయం. పెళ్ళయినాక సీమంతం పిలుపులు నువ్వే చూడాల."

తర్వాత నాన్న వైపు తిరిగి మూడు ప్రశ్నలు అడిగారు. మూడోదానికే మా కొల్లూరివాళ్ళు ఆవిడ పుట్టింటివాళ్ళకి వియ్యాలవారని తేలింది. ఆవిడ నాన్నకి పిన్ని వరస.

నాన్న అప్పటికే లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీ ఆవిడకిచ్చి తను నిలబడే ఉన్నారు. మొహం నిండా నవ్వు.

"అయ్యో, ఈ మోకాళ్ళేసుకుని ఇంత దూరం మీరు రావాలా పిన్నిగారూ?" అన్నారు. "ఒక్క కబురు పంపితే మేం రామా?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. మా పెద్దదిక్కు మాత్రం అప్పటికే లాంచీలో మూడు సీట్లు తీసేసుకుంది.